కొత్త స్పీకర్లు వేయించాక బేస్ ఇంకా తగ్గిపోయింది, ఎక్కడ తేడా వచ్చింది?

కాకినాడ_కాజా
2018 మోడల్ హ్యాచ్‌బ్యాక్. కంపెనీ స్టీరియో తీసేసి ఆండ్రాయిడ్ టచ్ స్క్రీన్ పెట్టించాను. నాలుగు డోర్లకీ కొత్త ఆరున్నర అంగుళాల స్పీకర్లు వేయించాను. గొంతు, వయొలిన్, తాళాలు చాలా స్పష్టంగా వస్తున్నాయి. బేస్ మాత్రం మాయం. పాత స్పీకర్లతోనే డ్రమ్ము దెబ్బ కాస్త ఛాతీకి తగిలేది. ఇప్పుడు సౌండు పెంచేకొద్దీ గోల పెరుగుతోంది తప్ప దెబ్బ లేదు. ఈక్వలైజర్‌లో బేస్ మొత్తం పైకి లాగితే డోర్ ప్యాడ్ గడగడలాడుతోంది, అంతే. షాపులో అడిగితే "కొత్తవి కదా, సెట్ అవ్వాలి. లేదంటే సబ్ వూఫర్ పెట్టుకోండి" అన్నారు. ఇప్పటికే బాగా ఖర్చయింది. మళ్లీ జేబులో చెయ్యి పెట్టే ముందు అసలు కారణం తెలుసుకోవాలి.

వూఫర్_వెంకీ
సబ్ పెట్టెయ్ బ్రో, అదే, బేస్ కోసం విడిగా పెట్టే పెద్ద స్పీకర్. డోర్ స్పీకర్ల నుంచి బేస్ ఆశించకూడదు. పది అంగుళాల సబ్, దాన్ని నడిపే ఒక మోనో యాంప్లిఫయర్. గొడవ వదిలిపోతుంది.

మల్టీమీటర్_మామయ్య
వెంకీ, కాస్త ఆగవయ్యా. ఆయన రాసింది మళ్లీ చదువు. పాతవాటితో ఉన్న బేస్ కొత్తవాటితో పోయింది. మొదటి నుంచీ లేకపోతే నీ మాట సరే. ఉన్నది పోయిందంటే ముందు వైరింగ్‌నే అనుమానించాలి.

కాజా గారూ, పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెప్తాను. కారు ఆపి, బాగా డ్రమ్స్ ఉన్న పాట పెట్టండి. ఫేడర్ పూర్తిగా ముందుకు తోసేయండి, అంటే ముందు రెండు డోర్లే మోగాలి. బ్యాలెన్స్ మధ్యలో పెట్టి వినండి. తర్వాత బ్యాలెన్స్‌ని పూర్తిగా ఎడమకు జరపండి. ఒక స్పీకర్ ఆగిపోయింది కాబట్టి బేస్ తగ్గాలి. తగ్గకపోగా పెరిగిందంటే రెండిట్లో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారయ్యాయి.

ఎందుకంటే అలా తారుమారైనప్పుడు ఒక స్పీకర్ కోన్ (ముందుకీ వెనక్కీ ఊగే గిన్నె లాంటి భాగం) గాలిని ముందుకు తోస్తుంటే అదే క్షణంలో రెండోది వెనక్కి లాగుతుంది. 50 హెర్ట్జ్ శబ్దానికి, అంటే సెకనుకు 50 సార్లు ఊగే బేస్‌కు, ఒక్కో అల పొడవు దాదాపు 7 మీటర్లు. కారు లోపలి వెడల్పు మీటరున్నరకు అటూ ఇటూ. అంత పొడుగు అలలకు ఈ దూరం లెక్కలోకి రాదు. రెండు డోర్ల బేస్ మీ చెవి దగ్గర ఎదురెదురై చాలావరకు రద్దయిపోతుంది. పై స్వరాల అలలు సెంటీమీటర్లలోనే ఉంటాయి, అవి అలా పూర్తిగా కొట్టుకుపోవు. అందుకే గొంతు బాగుంది, డ్రమ్ము లేదు. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే.

సైలెంట్_రీడర్
మరి "సెట్ అవ్వాలి" అన్నది అబద్ధమా? కొత్త స్పీకర్లు కొన్నాళ్లు వాయించాలని నేనూ విన్నాను.

మల్టీమీటర్_మామయ్య
కోన్ అంచు రబ్బరు, కోన్‌ను వెనక నుంచి పట్టి ఉంచే స్పైడర్ అనే మడతల బిళ్ల వాడేకొద్దీ కొంచెం వదులవుతాయి, అంతవరకు నిజం. ఆ తేడా చాలా చిన్నది. మాయమైపోయిన బేస్ దానివల్ల తిరిగి రాదు. ఆ మాట నమ్మి ఎదురుచూస్తే షాపువాడు ఉచితంగా సరిచేయాల్సిన గడువు దాటిపోతుంది.

నిజాంపేట_నరేష్
నాకూ సేమ్ టు సేమ్ అయింది భయ్యా. మా దగ్గర స్టీరియోకి కప్లర్ (వైర్లు కోయకుండా నేరుగా గుచ్చే కనెక్టర్) వాడకుండా కంపెనీ వైర్లు కట్ చేసి ట్విస్ట్ చేసి టేపు చుట్టేశారు. బయట కొనే స్టీరియో వైపు రంగులు దాదాపు అన్నిటికీ ఒకటే: తెలుపు ముందు ఎడమ, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్నది మైనస్. కారు వైపు వైర్లకు ఈ రంగులు ఉండవు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. అక్కడే అంచనాతో కలిపేస్తారు. కారు మోడల్‌కు సరిపోయే కప్లర్ కొంటే ఈ తలనొప్పే లేదు, వారంటీ పేచీ కూడా తక్కువ. స్పీకర్ దగ్గర కూడా చూడు, రెండు ట్యాగుల్లో వెడల్పుది ప్లస్.

డల్లాస్_శీను
మామయ్య గారి పరీక్ష చేయాల్సిందే. దానితో పాటు ఇంకోటి కూడా ఉండొచ్చు. కంపెనీ స్టీరియోలో చాలాసార్లు ఆ కారు స్పీకర్లకు తగ్గట్టు బేస్‌ను లోపలే పెంచి ఉంచుతారు, మనకు మెనూలో కనబడదు. ఆ స్టీరియో తీసేస్తే ఆ సాయమూ పోతుంది. పైగా బయట కొనే స్పీకర్ల కోన్, రబ్బరు బరువుగా ఉంటాయి. సెన్సిటివిటీ అంకె చూడండి, అంటే అదే పవర్‌కు స్పీకర్ ఎంత సౌండు ఇస్తుందో. పాతది 91 డెసిబెల్స్, కొత్తది 88 అనుకుందాం. ఆ 3 డెసిబెల్స్ పూడ్చాలంటే పవర్ రెట్టింపు కావాలి. స్పీకర్ మంచిదే, దాన్ని కదిలించే శక్తి స్టీరియోలో లేదు.

వూఫర్_వెంకీ
డబ్బా మీద 50 వాట్స్ ఇంటూ 4 అని ఉంటుందిగా శీను అన్నా. 200 వాట్స్ చాలవా?

ఫిజిక్స్_సార్
డబ్బా మీది అంకెను నమ్మొద్దు, లెక్క వేద్దాం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో కరెంటు సుమారు 14.4 వోల్టులు. మామూలు స్టీరియో లోపలి ఐసీకి (స్పీకర్లను నడిపే చిప్‌కు) దాన్ని పెంచుకునే ఏర్పాటు ఉండదు. 14.4ను 1.414తో భాగిస్తే 10.2 వోల్టుల ఆర్‌ఎంఎస్, అంటే పవర్ లెక్కకు పనికొచ్చే వోల్టేజ్. దాన్ని వర్గం చేసి 4 ఓమ్‌లతో భాగించండి, 26 వాట్లు. అది కూడా ఏ నష్టమూ లేని ఊహా ప్రపంచంలో. శుభ్రంగా, చీలకుండా చేతికొచ్చేది ఒక్కో స్పీకర్‌కు 15 నుంచి 20 వాట్లు.

ఇప్పుడు ఈక్వలైజర్‌లో బేస్‌ను 6 డెసిబెల్స్ పెంచారనుకోండి. ఆ భాగానికి నాలుగింతల పవర్ అడిగినట్టు. 12 పెంచితే పదహారింతలు. ఇవ్వడానికి అక్కడ లేదు. అల పైభాగం, కిందిభాగం తెగిపోయి చదునవుతాయి, అదే క్లిప్పింగ్. కాజా చెప్పిన "గోల" అదే. బేస్ పెంచడం మానేసి, మిగతావి కొంచెం తగ్గించి చూడండి, వినడానికి ఎంత తేడా ఉంటుందో.

నిజాంపేట_నరేష్
సార్ క్లాసులో ఇలా చెప్పి ఉంటే నేను ఫిజిక్స్‌లో ఫస్ట్ వచ్చేవాణ్ణి 😄

బ్లూటూత్_బుజ్జి
పాటలు బ్లూటూత్‌లో వింటున్నారా? బ్లూటూత్‌లో బేస్ చచ్చిపోతుంది. పెన్ డ్రైవ్‌లో మంచి క్వాలిటీవి పెట్టి చూడండి.

డల్లాస్_శీను
కాదు బుజ్జీ. శబ్దాన్ని కుదించినప్పుడు ముందుగా దెబ్బతినేది పై స్వరాల్లో ఉండే తాళాలు, 'స్స్' అనే శబ్దాలు. తక్కువ బిట్ రేట్ ఎంపీ3లో కూడా బేస్ నిలబడుతుంది. ఫోన్ వాల్యూమ్ సగంలో ఉందా, ఫోన్‌లో ఏదైనా ఈక్వలైజర్ ఆన్‌లో మర్చిపోయారా, అది చూసుకుంటే చాలు.

బ్లూటూత్_బుజ్జి
నా కారులో మాత్రం పెన్ డ్రైవ్‌కీ బ్లూటూత్‌కీ బేస్‌లో తేడా స్పష్టంగా ఉంది. మీరు ఏమన్నా సరే.

మల్టీమీటర్_మామయ్య
ఉండొచ్చమ్మా. చాలా టచ్ స్క్రీన్లలో ఒక్కో సోర్సుకు వాల్యూమ్, ఈక్వలైజర్ విడివిడిగా ఉంటాయి. సెట్టింగుల్లో ఒకసారి రెండూ పక్కపక్కన పోల్చి చూడు.

పాతపాటల_పద్మ
నాది వేరే బాధ. నేను సౌండు ఎక్కువ పెట్టను, పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడుకునేంతలోనే ఉండాలి. అలా పెడితే మృదంగం ఎడమ పక్క దెబ్బ అసలు వినబడదు. పెంచితే వస్తుంది. స్పీకర్లు మార్చమంటారా?

ఫిజిక్స్_సార్
పద్మ గారూ, స్పీకర్లు మార్చొద్దు, అది మన చెవి తీరు. సౌండు తక్కువగా ఉన్నప్పుడు చెవికి కింది స్వరాలు మిగతావాటి కంటే చాలా తక్కువగా వినిపిస్తాయి. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. స్టీరియోలో "లౌడ్‌నెస్" అనే బటన్ ఉండేది సరిగ్గా ఇందుకే. తక్కువ సౌండులో బేస్‌ను తగినంత ఎత్తుతుంది. మీలా వినేవాళ్లకు అది ఆన్ చేయడమే మందు. సౌండు పెంచి వినేవాళ్లు మాత్రం ఆపేయాలి.

పాతపాటల_పద్మ
ఇప్పుడే చూశాను, మెనూలో లోపలెక్కడో ఉంది. ఆన్ చేయగానే మృదంగం నిండుగా పలికింది! ఇన్నాళ్లూ ఎవ్వరూ చెప్పలేదు చూడండి.

కాకినాడ_కాజా
మామయ్య గారూ, మీ పరీక్ష చేశాను. బ్యాలెన్స్ ఎడమకు జరపగానే బేస్ వచ్చేసింది. మళ్లీ మధ్యలోకి తెస్తే పోయింది. కుడికి జరిపినా వస్తోంది. ఇప్పుడు తప్పు ఏ డోర్‌లో ఉందో ఎలా తెలుస్తుంది? వెనక డోర్ల సంగతి?

మల్టీమీటర్_మామయ్య
దొరికింది దొంగ. ఇప్పుడు ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్ తీసుకోండి. ముందు స్టీరియో వెనక కప్లర్ ఊడదీయండి, ఇది మర్చిపోకూడదు. సెల్ కరెంటు స్టీరియోలోకి వెళ్లకూడదు. డోర్ ప్యాడ్ తీసి కోన్ కనబడేలా పెట్టుకోండి. కప్లర్ దగ్గర ఆ డోర్‌కు వెళ్లే రెండు వైర్లకు, స్టీరియో ఏది ప్లస్ అనుకుంటుందో దానికి సెల్ ప్లస్, రెండోదానికి మైనస్, ఒక్క క్షణం తాకించి తీసేయండి. కోన్ బయటికి వస్తే సరిగ్గా ఉంది. లోపలికి పోతే తారుమారు. నాలుగు డోర్లకీ ఇలాగే చూడండి. తాకించి వెంటనే తీసేయాలి, పట్టుకుని ఉంచొద్దు.

ఆటోనగర్_అబ్బాయి
బెజవాడ ఆటోనగర్‌లో డోర్ల పనే చేస్తాను. వైర్లు సరిచేయండి, మామయ్య గారి మాట నూటికి నూరుపాళ్లు కరెక్ట్. కానీ ప్యాడ్ తీశాక ఇంకో రెండు చూడండి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే "బేస్ లేదు" కార్లలో సగం పని ఇక్కడే ఉంటుంది.

స్పీకర్ కోన్ ముందుకు తోసే గాలి, వెనక్కి తోసే గాలి ఒకదానికొకటి వ్యతిరేకం. రెండూ కలిస్తే బేస్ పోతుంది. డోర్ లోపలి రేకుకు పెద్ద పెద్ద కంతలు ఉంటాయి, అద్దం మోటారు పని కోసం వదిలినవి. స్పీకర్ వెనక గాలి ఆ కంతల్లోంచి లోపలికి వచ్చేస్తుంది. చిల్లులు పడ్డ సైకిల్ ట్యూబుకు గాలి కొట్టినట్టే, ఎంత పవర్ పెట్టినా నిలవదు. ఆ కంతల మీద అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) డ్యాంపింగ్ షీటు, అంటే రేకు అదురును ఆపే షీటు, అంటించి రోలర్‌తో గట్టిగా నొక్కాలి. మరీ పెద్ద కంత అయితే కింద పల్చటి అల్యూమినియం రేకు పెట్టి దాని మీద షీటు వేయాలి, స్క్రూలతో పెడితే రేపు అద్దం మోటారు పాడైనా విప్పుకోవచ్చు.

రెండోది, స్పీకర్ కింద పెట్టే ప్లాస్టిక్ రింగు. కొత్త స్పీకర్ కంతకు సరిపోకపోతే అది పెడతారు. రింగుకూ రేకుకూ మధ్య, రింగుకూ స్పీకర్‌కూ మధ్య సందు లేకుండా ఫోమ్ టేపు ఉండాలి. చాలామంది అది వేయరు. వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది, పాట మోగుతుంటే సందులోంచి గాలి తగులుతుంది.

సైలెంట్_రీడర్
డోర్ మొత్తం మూసేస్తే వాన నీళ్లు?

ఆటోనగర్_అబ్బాయి
మంచి ప్రశ్న. డోర్ అడుగున, చివరి అంచులో సన్న కంతలు ఉంటాయి. అద్దం పక్క నుంచి లోపలికి దిగిన వాన నీళ్లు వాటిలోంచే పోవాలి. వాటిని ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు, మూస్తే డోర్ తుప్పు పట్టి పోతుంది. షీటు వేసేవాళ్లు పని అయ్యాక అవి తెరిచి ఉన్నాయో లేదో దగ్గరుండి చూసుకోండి. కంపెనీ వాళ్లు అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం కూడా చించి పారేయనివ్వొద్దు. దాని పని నీళ్లు లోపలి ప్యాడ్‌లోకి రాకుండా ఆపడం. స్పీకర్లు మార్చేటప్పుడు అది చింపి వదిలేస్తారు, వానాకాలంలో కాళ్ల దగ్గర తడి మొదలవుతుంది.

నిజాంపేట_నరేష్
హైదరాబాద్‌లో డ్యాంపింగ్ షీట్లు సొంతంగా కొనుక్కుని వేసుకునేవాళ్లు కొనేముందు వాసన చూడండి. తారు వాసన గట్టిగా వస్తే వద్దు, మన ఎండలకు కరిగి కారుతుంది. బ్యూటైల్ అని అడిగి తీసుకోండి.

కాకినాడ_కాజా
అప్‌డేట్. సెల్‌తో చూస్తే ముందు కుడి డోర్ కోన్ లోపలికి పోయింది. మిగతా మూడూ బయటికే వచ్చాయి. షాపుకు తీసుకెళ్లి చూపించాను, మాట్లాడకుండా సరిచేసి ఇచ్చారు. డ్రమ్ము దెబ్బ తిరిగి వచ్చింది!! పాతదాని కంటే బాగుంది కూడా. అందరికీ చాలా థాంక్స్. రింగుల దగ్గర ఫోమ్ టేపు లేదు, అబ్బాయి చెప్పినట్టే సందు ఉంది. ముందు రెండు డోర్లకు టేపు, షీటు వేయిస్తున్నాను.

వూఫర్_వెంకీ
సంతోషం కాజా అన్నా. కానీ నా మాట ఇప్పటికీ మాటే. ఇంత చేసినా అడుగు బేస్ రాదు. ఇప్పటి పాటల్లో 40 హెర్ట్జ్ దగ్గర ఉండే గుమ్మనే శబ్దం డోర్‌లోంచి ఎలా వస్తుంది?

ఫిజిక్స్_సార్
ఈ విషయంలో వెంకీ వైపే ఉంటాను. అదే సౌండుతో 80 నుంచి 40 హెర్ట్జ్‌కు దిగాలంటే కోన్ నాలుగింతలు ఎక్కువ దూరం కదలాలి. ఆరున్నర అంగుళాల కోన్ వైశాల్యం సుమారు 130 చదరపు సెంటీమీటర్లు, పన్నెండు అంగుళాలది 480 దాకా ఉంటుంది. చిన్న కోన్‌కు అంత ఊగే చోటు లేదు. కాకపోతే కాజా పోగొట్టుకున్నది ఆ అడుగు బేస్ కాదు. కిక్ డ్రమ్ దెబ్బ ఎక్కువగా 60 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, అది డోర్ స్పీకర్లు ఇవ్వగలిగినదే. సబ్ పెట్టేశారనుకోండి, వైరు తప్పు అలాగే దాగి ఉండేది, డోర్లు పాడే స్వరాలకూ సబ్ పాడే స్వరాలకూ మధ్య ఒక ఖాళీ మిగిలేది.

కర్నూలు_క్యాబ్
నా బండికి డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంది. సబ్ బాక్స్ పెట్టే చోటు లేదు. ప్యాసింజర్లు లగేజీ పెట్టడానికే కష్టంగా ఉంటే ఇంక సబ్ ఎక్కడ. మాలాంటోళ్లకు దారేంటి?

వూఫర్_వెంకీ
సీటు కింద పెట్టే ఎనిమిది అంగుళాల యాక్టివ్ సబ్. యాంప్ దాంట్లోనే ఉంటుంది. పల్చగా ఉంటుంది. కొనేముందు సీటు పూర్తిగా ముందుకు, పూర్తిగా వెనక్కి జరిపి కింద ఎత్తు కొలువు. కొన్ని కార్లలో సీటు కింద వెనకవాళ్లకు ఏసీ గొట్టం ఉంటుంది, అది చూసుకో. 30 హెర్ట్జ్ ఆశించకు, కానీ డోర్లకు చాలా సాయం చేస్తుంది.

మల్టీమీటర్_మామయ్య
గ్యాస్ బండి కాబట్టి ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. సబ్‌కు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి లాగుతారు. ఆ ప్లస్ వైరుకు బ్యాటరీ దగ్గరే, అర మీటరు లోపే ఫ్యూజు ఉండాలి. యాంప్ దగ్గర ఉన్న ఫ్యూజు యాంప్‌ను కాపాడుతుంది, మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే మంట ఆపేది బ్యాటరీ దగ్గరి ఫ్యూజే. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వచ్చే కంతలో రబ్బరు గ్రామెట్ (వైరు ఒరుసుకోకుండా పెట్టే రింగు) లేకుండా వైరు తోయనివ్వకు. వైరు కొనేటప్పుడు పూర్తి రాగిదా, రాగి పూత పూసిన అల్యూమినియందా అడుగు. రెండోదైతే అదే పనికి ఇంకా లావుది కావాలి. సిలిండర్, గ్యాస్ పైపు దరిదాపుల్లోకి ఈ వైరు వెళ్లకూడదు.

రాత్రి_డ్యూటీ
బేస్ పెట్టుకోండి, తప్పులేదు. కానీ అద్దాలు దించి వీధిలో మోగించొద్దు. రాత్రి పని చేసి పగలు పడుకునే ఇళ్లు, పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటారు. బేస్ గోడల్లోంచి దూరిపోతుంది, కిటికీ మూసినా ఆగదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్సే పరిమితి. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు.

వూఫర్_వెంకీ
ఒప్పుకుంటాను అన్నా. అసలు అద్దాలు దించితే లోపల బేస్ కూడా తగ్గుతుంది. మూసిన కారు చిన్న గది, అడుగు బేస్‌ను అదే పెంచి ఇస్తుంది. అద్దాలు దించి వాయించేవాడికి సౌండు తెలియదు, ఊరికి తెలుస్తుంది.

కాకినాడ_కాజా
ముందు డోర్లకు షీటు, టేపు అయిపోయాయి. డోర్ వేస్తే శబ్దమే మారిపోయింది, పెద్ద కారు డోర్‌లా పడుతోంది. గడగడ పోయింది, నీళ్ల కంతలు తెరిచే ఉన్నాయి. వచ్చే పండక్కి సబ్ ఆలోచిస్తాను, అప్పుడు డోర్ స్పీకర్లకు ఏమైనా మార్చాలా?

వూఫర్_వెంకీ
స్టీరియోలో హెచ్‌పీఎఫ్ (కింది స్వరాలను ఆపే ఫిల్టర్) ఉంటుంది, డోర్లకు 80 హెర్ట్జ్ పెట్టు. సబ్‌కు ఎల్‌పీఎఫ్ (పై స్వరాలను ఆపేది) కూడా 80. అడుగు బేస్ భారం పోయి డోర్లు హాయిగా పాడతాయి, ఇంకాస్త సౌండు కూడా తట్టుకుంటాయి. నీకు పాటలు ఎక్కువ కాబట్టి సీల్డ్ బాక్స్ (అన్ని వైపులా మూసినది) తీసుకో, దెబ్బ బిగుతుగా ఉంటుంది. పోర్టెడ్‌కి (గాలి కంత ఉన్నదానికి) గుమ్మనడం ఎక్కువ, డిక్కీలో చోటూ ఎక్కువ తింటుంది.

మల్టీమీటర్_మామయ్య
సబ్ పెట్టిన రోజున దాని ఫేజ్ స్విచ్ (కోన్ కదిలే దిశను తిప్పేది) సున్నాలో ఒకసారి, 180లో ఒకసారి పెట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని వినండి. డ్రమ్ము దెబ్బ ఎందులో నిండుగా ఉంటే అందులో వదిలేయండి. యాంప్ మీది గెయిన్ నాబ్‌ను సౌండు పెంచేదిగా వాడనివ్వొద్దు, అది స్టీరియో సిగ్నల్‌కు యాంప్‌ను సరిపెట్టడానికి. 4 ఓమ్‌ల సబ్‌కు 100 వాట్లు కావాలంటే యాంప్ అవుట్‌పుట్‌లో 20 వోల్టులు రావాలి. సబ్ వైరు ఊడదీసి, ఈక్వలైజర్ సున్నాలో పెట్టి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతుకు తెచ్చి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో ఉంచి, ఆ 20 వచ్చేదాకా గెయిన్ తిప్పి కొలవమనండి. షాపులో మీటరు లేదంటే మీదే పట్టుకెళ్లండి.

కర్నూలు_క్యాబ్
సీటు కింద కొలిచాను. పూర్తిగా వెనక్కి జరిపితే తొమ్మిది సెంటీమీటర్లు వచ్చింది, ముందుకు జరిపితే ఇంకా ఎక్కువే. పట్టే సబ్ దొరుకుతుందా?

వూఫర్_వెంకీ
దొరుకుతుంది. ఎత్తు ఏడున్నర, ఎనిమిది లోపు ఉన్నది చూడు. కార్పెట్ మందం, మనిషి కూర్చున్నప్పుడు సీటు స్ప్రింగు దిగేది వదిలిపెట్టాలి. లావుగా ఉండేవాళ్లను సీట్లో కూర్చోబెట్టి ఇంకోసారి కొలిచాకే కొను.